రేస్ ఇస్తే ఆగిపోయే గడ్డి మిషన్: కార్బరేటర్ మీద చెయ్యి వేసే ముందు

బెంగళూరులో మే నెలలో నాలుగు వానలు పడితే చాలు, ఖాళీ సైట్లలో గడ్డి మోకాలి దాకా లేస్తుంది, జనవరి నుంచి మూలన పడి ఉన్న గడ్డి కోసే బ్రష్ కట్టర్లన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. గొడవ అప్పుడే మొదలవుతుంది. తాడు 20 సార్లు లాగితే ఎప్పటికో స్టార్ట్ అవుతుంది, స్లో మీద బాగానే తిరుగుతుంది, రేస్ ఇవ్వగానే గుర్రుమని ఆగిపోతుంది. మా లేఔట్‌లో తోటపని చూసే మదనపల్లె అతను పోయిన ఏడాది నాతో అన్నదీ ఇదే: "రేసిస్తానే సచ్చిపోతా ఉండాది సార్, కార్బరేటర్ మార్చల్లంట." పెట్రోల్‌నూ గాలినీ కలిపే ఆ కార్బరేటర్‌ను మార్చలేదు. అసలు సంగతి ఎక్కడ ఉందో కింద చెబుతాను. అక్కడికి చేరేలోపు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, వాటి వరుస ముఖ్యం.

స్పానర్ పట్టుకునే ముందు మిషన్ ఎప్పుడు ఆగుతోందో గమనించండి. స్లో మీద ఉండి రేస్‌కు ఆగితే పెట్రోల్ చాలినంత అందడం లేదు, లేదా పొగ బయటికి పోవడం లేదు. చోక్ (గాలి తగ్గించే మీట) సగం వేస్తేనే తిరుగుతోందంటే పెట్రోల్ తక్కువ వస్తోంది, లేదా కార్బరేటర్ బోల్టులు వదులై పక్క నుంచి గాలి లాగుతోంది. పది నిమిషాలు బాగా తిరిగి ఆగుతోందంటే ట్యాంకు మూతనో, ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్‌నో అనుమానించాలి. నల్ల పొగ, తడిసిన ప్లగ్ ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. ఈ ఒక్క గమనింపుతో సగం పని తప్పుతుంది, అందుకే దీనికి పది నిమిషాలు పోయినా పర్వాలేదు.

తర్వాత పెట్రోల్. నా మాట విని ట్యాంకులో ఉన్న పాత పెట్రోల్ మొత్తం తీసేయండి, "నిన్న మొన్నే పోశాం" అనిపించినా సరే. ఇప్పుడు బంకుల్లో వచ్చే మామూలు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి, ట్యాంకులో ఫిల్టర్ ఉండేది కూడా ఆ అడుగునే. తీసిన పెట్రోల్‌ను గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపించినా, వార్నిష్ వాసన వచ్చినా దాన్ని మళ్లీ వాడొద్దు. మోరీలో కూడా పోయొద్దు. రబ్బరు పైపులను, కార్బరేటర్ లోపలి పలచటి పొర డయాఫ్రంను గట్టిపరిచేది కూడా ఇలా నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలే.

2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోల్‌లో కలిపే ఆయిల్) కొలత దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. మిషన్ మీద 50:1 అని ఉంటే లీటరుకు 20 ఎంఎల్, 25:1 అని ఉంటే 40 ఎంఎల్. సీసా మూతతో అందాజుగా పోయడం మానేయండి, మెడికల్ షాపులో దొరికే 20 ఎంఎల్ సిరంజి ఒకటి డబ్బాకు కట్టి ఉంచుకోండి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే మసి పేరుకుంటుంది. మీది ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోల్‌లో ఏమీ కలపకూడదు, ఆయిల్ లెవెల్ చూసుకోవాలి, అంతే.

కొత్త పెట్రోల్ పోశాక ఒక వంచిన కమ్మీతో ట్యాంకులోంచి ఫిల్టర్ పైకి లాగి చూడండి. గోధుమరంగుకు తిరిగి జిగురుగా ఉంటే మార్చండి, ఖరీదైన వస్తువేమీ కాదు. పైపు వంచితే చీలికలు కనిపిస్తే అదీ మార్చేయాలి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బు నీళ్లలో పిండి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి, ఫిల్టర్ లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపొద్దు, ఇక్కడి ఎర్రమట్టి దుమ్ము సిలిండర్‌ను గీకేస్తుంది.

పది నిమిషాలకు ఆగే మిషన్ అయితే, ఆగిన వెంటనే ట్యాంకు మూత కొంచెం వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి పోయి, మళ్లీ స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది, శుభ్రం చేస్తే చాలు. అప్పటికీ స్టార్ట్ కాకపోతే వేడి మీదే ప్లగ్ విప్పి, ట్యాంకు మూత బిగించి, పెట్రోల్ డబ్బా దూరంగా పెట్టి, ప్లగ్‌ను సిలిండర్ ఇనుముకు ఆనించి తాడు లాగండి. చల్లగా ఉన్నప్పుడు నిప్పు వచ్చి వేడెక్కాక రాకపోతే కాయిల్ పోయినట్టే. ప్లగ్ కొన లేత గోధుమరంగులో ఉండాలి. గ్యాప్ చాలా మిషన్లకు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు, అయినా మీ మిషన్ పుస్తకంలో ఉన్నదే లెక్క.

మదనపల్లె అతని మిషన్‌కు ఇవన్నీ చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి. అప్పటికే ఒక రిపేరు షాపులో కార్బరేటర్ సెట్ మార్చాలని చెప్పి, స్క్రూలు కూడా ఇష్టం వచ్చినట్టు తిప్పి పంపారు, అది నాకు ఇప్పటికీ కోపమే, రోజు కూలీ మీద బతికే మనిషికి ఆ ఖర్చు చిన్నది కాదు. చివరికి సైలెన్సర్ కవర్ విప్పితే, నిప్పురవ్వలు బయటికి రాకుండా పెట్టే చిన్న ఇనుప జాలీ మసితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. పొగ బయటికి పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు, స్లో మీద ఎలాగో లాక్కొస్తుంది కానీ రేస్ ఎత్తుకోలేదు. జాలీని పటకారుతో పట్టుకుని, మిషన్‌కూ పెట్రోల్‌కూ దూరంగా, ఆరుబయట మంట మీద ఎర్రగా కాల్చి, చల్లారాక వైర్ బ్రష్‌తో రుద్దాం. ఆయిల్ అందాజుగా పోయడం వల్లే ఆ మసి. జాలీ పారేసి నడిపేవాళ్లున్నారు, ఎండు గడ్డిలో అది ప్రమాదం.

షాపులో తిప్పిన స్క్రూలను సరిచేయడానికి మాత్రం ఇంకో గంట పట్టింది. మీరు ఎప్పుడైనా కార్బరేటర్ మీద ఉండే ఎల్, హెచ్ స్క్రూలు (స్లోకు, రేస్‌కు పెట్రోల్ సరిచేసేవి) తిప్పాల్సి వస్తే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి రాసుకోండి, చివర గట్టిగా బిగించొద్దు, లోపలి సీటు పాడవుతుంది. హెచ్ స్క్రూ మరీ లోపలికి పోతే పెట్రోల్ తగ్గి, మిషన్ కీచుమంటూ పైస్పీడులో తిరుగుతుంది, వినడానికి జోరుగానే ఉంటుంది, కానీ పిస్టన్ పట్టేసేది అలాంటప్పుడే. డయాఫ్రం అట్టలా గట్టిపడి ఉంటే కిట్ మార్చాలి, జేసీ రోడ్డు, ఎస్‌జేపీ రోడ్డు వైపు వెతకబోయేటప్పుడు పాత ముక్క జేబులో వేసుకుని వెళ్లండి, పేరు చెప్పి అడిగితే సైజు తేడా వస్తుంది.

ఇన్ని చూసినా మార్పు లేకుండా, తాడు లాగితే బిగువు లేకుండా తేలిగ్గా వచ్చేస్తుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే బిగువు) పోయింది. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూడండి, నిలువు గీతలు పడి ఉంటే ఇక మెకానిక్ పనే.

ఇక సీజన్ అయ్యాక మిషన్‌ను మూలన పెట్టే రోజున ట్యాంకు ఖాళీ చేసి, స్టార్ట్ చేసి, దానంతటది ఆగేదాకా స్లో మీద వదిలేయండి. కార్బరేటర్‌లో మిగిలింది కూడా కాలిపోతుంది.