పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీకి మొదటిసారి వెళ్లే ముందు జాగ్రత్తలు

పెల్విక్ ఫ్లోర్ అంటే పొత్తికడుపు అడుగున మూత్రాశయాన్ని, గర్భసంచిని మోసే కండరాలు. కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందని ఫిజియోథెరపిస్టును కలవబోతున్నవారు ముందుగా చూసుకోవలసినవి ఇవి.

వీడియోలు చూసి కెగెల్ వ్యాయామాలు (ఈ కండరాలను బిగించి వదిలేవి) సొంతంగా మొదలుపెట్టకండి. కండరాలు వదులైనప్పుడే కాక, బిగుసుకుపోయినప్పుడు కూడా మూత్రం కారవచ్చు. అలాంటివాటిని ఇంకా బిగిస్తే నొప్పి పెరగవచ్చు.

మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. ఇన్‌ఫెక్షన్ వ్యాయామంతో తగ్గదు.

3 రోజులు మూత్రం లెక్క రాయండి. కొలత గీతలున్న పాత ప్లాస్టిక్ కప్పును బాత్రూంలో ఉంచుకుని, “ఉదయం 6:10, 300 మి.లీ.; 9:00, బిందె ఎత్తినప్పుడు తడిసింది” అన్నట్టు, తాగిన కాఫీ, టీలతో సహా రాస్తే, ఎప్పుడు, ఏ పనికి కారుతోందో తెలుస్తుంది. నీళ్లు మాత్రం తగ్గించకండి. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత ఇబ్బంది పెడుతుంది.

కాన్పునాటి డిశ్చార్జి కాగితాలు తీసుకువెళ్లండి. కుట్లు, ఫోర్సెప్స్ (బిడ్డను బయటికి తీసే పట్టకారు) వివరాలు చికిత్సకు అవసరం.

లోపలి పరీక్ష (యోనిలో వేలితో కండరాలను చూడటం) మీ అనుమతితోనే జరగాలి. వద్దనవచ్చు, మధ్యలో ఆపమనవచ్చు, అమ్మనో అక్కనో పక్కన ఉంచుకోవచ్చు. ఆ భయంతో అపాయింట్‌మెంటే మానుకునేవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ పరీక్ష లేకుండానే, మాటలతో, ఊపిరి తీరును గమనించడంతో కూడా చికిత్స మొదలుపెట్టవచ్చు.

మలబద్ధకం, కలయికలో నొప్పి ఉంటే దాచకండి. వాటి వెనుకా ఈ కండరాలే ఉండవచ్చు.