రొయ్యల గుంటల పికప్‌కి కొత్త షాకబ్జర్లు: కొనేముందు, బిగించేటప్పుడు

మాకు ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలున్నాయి. బండి ఇసుజు డీ-మ్యాక్స్, తడ దగ్గర శ్రీసిటీలో తయారైందే. కల్చర్ నడిచే రోజుల్లో వెనక బాడీలో మేత బస్తాలో, జనరేటర్‌కి డీజిల్ డ్రమ్మో, రిపేరుకి పోయే ఏరియేటర్లో (గుంట నీళ్ళలో గాలి కలిపే మిషన్లు), ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. తార్రోడ్డు దిగి గట్టెక్కామంటే ఇక గతుకులే. పైగా ఉప్పు నీళ్ళు, ఉప్పు గాలి. ఇట్టాంటి పనిలో తిరిగే పికప్‌కి కంపెనీ షాకబ్జర్లు అరిగాక బయటి బ్రాండువి వేయించాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక మాట. బరువు మోసేది షాకబ్జర్ కాదు, కమాన్ పట్టీలు. గుంతలో పడ్డప్పుడు పట్టీ వంగుతుంది, వంగినంతా తిరిగి పైకి తంతుంది. ఆ ఊపుని పట్టి ఆపేది షాక్. లోపల ఆయిల్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి దూరి పోవాలి కాబట్టి ఊపు కాస్తా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. "బండి వెనక కుంగిపోతోంది, షాకులు పోయినట్టున్నాయి" అని షాపుకి పోయి వేలకు వేలు పోసి కొత్తవి వేయించుకున్నా కుంగుడు అట్టాగే ఉంటుంది. కుంగుతుంటే పట్టీలు చూసుకోవాలి. ఊగుతుంటే షాకులు చూసుకోవాలి. రెండూ ఉంటే రెండిటినీ కలిపి ఎంచుకోవాలి.

షాక్ పోయిందో లేదో తెలుసుకోవడానికి బండి మూల పట్టుకుని నొక్కి చూస్తారు చాలామంది. కారుకి అది సరే, ఖాళీ పికప్ వెనక పట్టీలు మనిషి నొక్కితే కదలనే కదలవు. మా మెకానిక్ భాయ్ చెప్పే పద్ధతి నాకు నమ్మకం. గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు తోలి, దిగీదిగగానే నాలుగు షాకుల మీదా చెయ్యి పెట్టి చూడమంటాడు. "వేడెక్కింది పనిచేస్తా ఉండాదబ్బయ్యా. చల్లంగా ఉండేది ఊరికే ఏలాడతా ఉండాది" అంటాడు. ఊపుని మింగితేనే వేడి పుడుతుంది మరి. ఒకే ఇరుసుకి ఉన్న రెండిటిలో ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉందంటే చల్లగా ఉన్నది అయిపోయినట్టే. సైలెన్సర్ గొట్టం పక్కనే ఉంటుంది, చెయ్యి జాగ్రత్త. షాకు కూడా బాగా కాలి ఉండొచ్చు, ముందు వేలితో తాకి చూడండి.

ఇంకో రెండు గుర్తులు. షాక్ ఒంటి మీద సన్నగా ఆయిల్ తేమ ఉంటే కంగారు పడొద్దు. ధారగా కారి, దాని మీద దుమ్ము ముద్దలుగా పట్టి ఉంటే సీల్ పోయింది. తర్వాత టైరు. అరచెయ్యి టైరు చుట్టూ నిమరండి. ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం తగులుతుంటే చక్రం రోడ్డు మీద ఎగురుతూ పోతోందని అర్థం. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, వీల్ బేరింగులు చూపించాకే తప్పు షాకుల మీద వెయ్యండి.

కొనేముందు మీ బండి మామూలు రోజున ఎంత మోస్తుందో కాగితం మీద లెక్క రాసుకోండి. 25 కేజీల మేత బస్తాలు 20 వేస్తే అర టన్ను. 200 లీటర్ల డ్రమ్ము నిండా డీజిల్ అంటే డ్రమ్ము బరువు కాకుండానే 165 కేజీలు పైమాటే. ఈ లెక్క ఎందుకంటే, బయటి బ్రాండ్లు వెనక పట్టీలని బరువుని బట్టి రకరకాలుగా అమ్ముతాయి: ఖాళీగా తిరిగే బండికి ఒకటి, ఎప్పుడూ కొంత బరువుండే బండికి ఒకటి, నిండా మోసే బండికి ఇంకొకటి. ఎప్పుడో ఒకసారి వేసే లోడుని చూసి అన్నిటికంటే గట్టిది కొంటే మిగతా రోజులన్నీ బండి ఖాళీగా ఎగిరెగిరి పడుతుంది. రోజువారీ బరువుకే కొనండి.

మన దగ్గర ఆటోనగర్‌లో చేసే చవక పని ఒకటుంది: ఉన్న పట్టీల కట్టకి ఒక పట్టీ అదనంగా ఎక్కించడం. తప్పని నేననను. కానీ పట్టీ ఎక్కిస్తే కట్ట తన్నే తన్ను కూడా పెరుగుతుంది. పాత తన్నుకి లెక్క కట్టిన కంపెనీ షాక్ ఈ కొత్త తన్నుని ఆపలేదు. పట్టీ ఎక్కించిన కొన్నాళ్ళకే షాకులు కారిపోతున్నాయని వాపోయే వాళ్ళ బండ్లలో చాలావాటి కథ ఇదే. పట్టీ గట్టిదైతే, పైకి లేచేటప్పుడు గట్టిగా పట్టుకునే షాక్ దానికి జతగా పడాలి. అందుకే పట్టీలూ షాకులూ ఒకే బ్రాండులో జతగా దొరికితే అదే మేలు.

బ్రాండ్ల విషయానికొస్తే ఓల్డ్ మ్యాన్ ఎము, ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ ఆస్ట్రేలియావి. అక్కడ డీ-మ్యాక్స్ లాంటి పికప్‌లు బాగా తిరుగుతాయి కాబట్టి మన బండికి సరిపోయేవి వాళ్ళ దగ్గర ఉన్నాయి. బిల్‌స్టీన్ జర్మనీది. గేబ్రియల్ ఇండియా 1961 నుంచి మన దేశంలోనే ఉంది. పేరు కంటే లోపలి కట్టు చూడాలని నా అభిప్రాయం. రెండు గొట్టాల గ్యాస్ షాక్‌లో ఆయిల్ గొట్టం చుట్టూ ఇంకో గొట్టం ఉంటుంది. ఒంటి గొట్టం షాక్‌లో పిస్టన్ నేరుగా బయటి గొట్టాన్నే రాసుకుంటూ ఆడుతుంది. ఒంటి గొట్టం త్వరగా చల్లారుతుంది, హైవే మీద వేగంగా పోయే బండికి చాలా బాగుంటుంది. కానీ రాయి ఎగిరొచ్చి ఆ గొట్టానికి సొట్ట పెట్టిందంటే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. చీమకుర్తి క్వారీల వైపు కంకర దారుల్లో తిరిగే పికప్‌కి నేనైతే రెండు గొట్టాలదే చెప్తాను, బయట సొట్ట పడ్డా లోపలి గొట్టం ఆడుతూనే ఉంటుంది. మా గట్ల మీద నెమ్మదిగా, బరువుతో, గంటల కొద్దీ ఊగే బండికి కూడా లావుపాటి రెండు గొట్టాల షాకే వేశాను. లోపల నైట్రోజన్ గ్యాస్ బదులు ఫోమ్ ఉండే రకం కూడా వస్తుంది. రెండిటి పనీ ఒకటే, వేడెక్కిన ఆయిల్ నురగ కట్టకుండా చూడటం. నురగ కట్టిన ఆయిల్ దేన్నీ ఆపలేదు.

పొడవు మాత్రం తప్పకుండా సరిచూసుకోండి. పూర్తిగా మూసినప్పుడు షాక్ ఎంత పొడవుందో ముఖ్యం. ఇరుసు పైకొచ్చి చాసీకి ఉండే బంప్ రబ్బరుకి తగలాలి, అంతకు ముందే షాక్ లోపల అడుగు తగిలిందంటే ప్రతి పెద్ద గుంతకీ ఆ దెబ్బ షాకే తింటుంది. ఎత్తు పెంచిన బండ్ల కోసం చేసిన పొడుగు షాకుని మామూలు ఎత్తు బండికి అంటగట్టే వాళ్ళుంటారు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అరిగిన షాకు తీసి అదే కొలతది వేసుకోవడం రిపేరు. బాగా ఎత్తు పెంచడం వేరే సంగతి. పట్టీలు గట్టివి వేసినంత మాత్రాన ఆర్సీలో రాసిన బరువు పెరగదు. బ్రేకులు, ఇరుసు, చాసీ పాతవే కదా.

ఇక పని. ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది, ముఖ్యంగా మన సముద్రం వైపు బండ్లకి. షాక్ చివర బోల్టు దూరే కన్నులో రబ్బరు బుష్, దాని మధ్యలో ఇనుప గొట్టం, అందులోంచి బోల్టు. ఉప్పుకి ఆ గొట్టమూ బోల్టూ తుప్పుతో కరుచుకుని ఒకటైపోతాయి. నట్టు తిరిగినా బోల్టు బయటికి రాదు. వైర్ బ్రష్‌తో మర బాగా రుద్ది, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా నాననివ్వండి, పొద్దున ఇంకోసారి కొట్టండి. అప్పటికీ రాకపోతే పాత బోల్టుని కోసేసి కొత్తది వేసుకోవడమే. అందుకే షాకులతో పాటు అదే కొలత, అదే గ్రేడు బోల్టులూ నట్లూ తెచ్చి పెట్టుకోండి. కోసేటప్పుడు నిప్పురవ్వలు బ్రేక్ పైపు మీదా, డీజిల్ ట్యాంకు వైపూ పడకుండా చూసుకోవాలి. పాత గ్యాస్ షాక్ గొట్టాన్ని మాత్రం కోయొద్దు, కాల్చొద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది.

నాలుగు చోట్లా ఎత్తు కొలిచి రాసుకోండి. నేల నుంచి కాదు, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా. టైర్లలో గాలి తేడా ఈ కొలతని చెడగొట్టదు.

వెనక షాకులు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. పికప్‌కి కింద చోటుంటుంది కాబట్టి చక్రాలు తీయాల్సిన పని కూడా లేదు. సిమెంటు నేల మీద నిలిపి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి ముందూ వెనకా మొద్దులు పెట్టండి. బండి తన చక్రాల మీదే నిలబడి ఉండటం రెండు విధాల లాభం. జాకీ జారే భయం లేదు. రెండోది, బుష్ బిగించేటప్పుడు బండి మామూలు ఎత్తులోనే ఉంటుంది. దీని గురించి కింద చెప్తాను. లేపాల్సే వస్తే మాత్రం జాకీ మీద నమ్మకం పెట్టుకుని కింద దూరొద్దు, చాసీ కింద స్టాండ్లు పెట్టాల్సిందే. ఇటుకలు పెట్టొద్దు, నలిగిపోతాయి.

ఒక పక్క పూర్తి చేశాకే రెండో పక్క తీయండి. కింది బోల్టు, తర్వాత పై బోల్టు. కొత్త షాక్ రెండు గొట్టాలదైతే నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి, నొక్కండి. అడ్డంగా పడుకుని వచ్చిన షాక్‌లో గాలి చేరి ఉంటుంది, అది పైకి పోతుంది. మొదట్లో చెయ్యి ఊరికే జారినట్టు అనిపించి, తర్వాత అటూ ఇటూ ఒకే గట్టితనం తగులుతుంది. గ్యాస్ షాకుని మూసి ఉంచడానికి కట్టిన పట్టాని పై బోల్టు ఎక్కించాకే కొయ్యండి, కోయగానే కడ్డీ దానంతటదే నెమ్మదిగా బయటికొస్తుంది. ఆ మెరిసే కడ్డీని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోవద్దు. చిన్న గీత పడినా అది సీల్‌ని కోస్తుంది. బోల్టు నున్నటి భాగానికి పల్చగా యాంటీ సీజ్ పేస్ట్ (తుప్పుతో కరుచుకోకుండా ఆపేది) పూయండి, మర మీద వద్దు. మర మీద పూస్తే టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలన్న లెక్క, తప్పుతుంది.

బుష్ సంగతి. ఆ రబ్బరు తిరగదు, మెలిపడుతుంది. నట్టు బిగించిన క్షణాన బండి ఏ ఎత్తులో ఉందో దానికదే సున్నా. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలికతోనే మొదలవుతుంది, త్వరగా చిరుగుతుంది. గాల్లో ఉంటే చేత్తో బిగిసేంత వరకే బిగించి, చక్రాలు నేల మీద ఆనించి, అప్పుడు టార్క్ పానాతో మీ మోడల్ మాన్యువల్లో ఉన్న లెక్కకి బిగించాలి. పట్టీ కట్టల కన్నులకీ, ముందు ఆర్మ్ బుష్‌లకీ ఇదే నియమం. పనికిచ్చినప్పుడు షాపులో దగ్గరుండి చూడాల్సింది ముఖ్యంగా ఇదే.

పట్టీ కట్ట కూడా మారిస్తే దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వెయ్యండి, సాగినవి మళ్ళీ బిగవవు. పట్టీలని మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తల ఇరుసు గూట్లో సరిగ్గా కూర్చుందో లేదో వేలు పెట్టి తడిమి చూసి, నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి.

ముందు షాకులు డీ-మ్యాక్స్ లాంటి బండికి వేరే పని. అక్కడ షాక్ చుట్టూ స్ప్రింగ్ ఉంటుంది, స్ప్రింగ్ నొక్కి పెట్టి ఉంటుంది. పైన చుట్టూ కనపడే నట్లు షాకుని చాసీకి పట్టేవి. మధ్యలో ఉండే ఒక్క నట్టు ఆ నొక్కిన స్ప్రింగుని పట్టి ఉంచేది. దాన్ని బండి మీద ఉండగా కదిలించొద్దు. ఊడిందంటే ప్రాణం మీదికొస్తుంది. ఈ పని మంచి స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షాపుకే ఇవ్వండి, లేదా స్ప్రింగూ షాకూ ముందే కలిపి బిగించిన సెట్టు కొనండి. తీసేటప్పుడు బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే విప్పాలి, చక్రం మొత్తం బ్రేక్ హోస్ మీద వేలాడకూడదు. ముందు కూడా పట్టీలే ఉన్న పికప్‌లకి ఈ గొడవ లేదు, వెనక పద్ధతే.

అంతా అయ్యాక ఎత్తులు మళ్ళీ కొలవండి. ముందు ఎత్తు కొంచెం మారినా అలైన్‌మెంట్ మారుతుంది, అదే రోజు చేయించుకోండి, లేకపోతే కొత్త టైర్లు ఊరికే అరిగిపోతాయి. వెనక ఎత్తు మారితే హెడ్‌లైట్ల వెలుగు కూడా మారుతుంది, రాత్రి గోడ ముందు నిలిపి సరిచేయించండి. వెనక ఇరుసుకి కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వు ఉన్న బండ్లలో ఇంకో పని ఉంది. ఆ వాల్వు బండి వెనక ఎత్తుని చూసి లోడెంతో లెక్క కడుతుంది. వెనక లేపేశారంటే లోడున్నా ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. కడ్డీని కొత్త ఎత్తుకి సర్దించాల్సిందే.

500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, షాక్ బోల్టులు అన్నీ టార్క్ పానాతో మళ్ళీ చూసుకోండి. గుంటల దగ్గర నుంచి వచ్చిన ప్రతిసారీ కిందంతా మంచినీళ్ళు కొట్టండి, షాక్ కన్నుల దగ్గర, పట్టీల సందుల్లో ఇంకొంచెం ఎక్కువసేపు.