రోహిణి కార్తెకు ముందే గేమింగ్ ల్యాప్‌టాప్ మూత విప్పండి

జనవరిలో 24 డిగ్రీల గదిలో 82 దగ్గర ఆగిన ప్రాసెసర్, అదే గేమ్‌కి, ఫ్యాన్ అదే వేగంతో తిరిగినా, మే నెలలో 40 డిగ్రీల గదిలో 98కి చేరుతుంది. గదిలో పెరిగిన 16 డిగ్రీలూ దాదాపు అలాగే చిప్ మీదికి ఎక్కుతాయి. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లు చాలావరకు 100 దగ్గర, ఏఎండీ వాళ్ల రైజెన్ చిప్‌లు చాలావరకు 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. చిప్ కాలిపోదు గానీ గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. అప్పుడు టెన్షన్ పుట్టి స్క్రూడ్రైవర్ అందుకుంటాం. ల్యాప్‌టాప్ విప్పి దుమ్ము తీసి, పేస్ట్ మార్చే ఈ పని మార్చిలోనే, ఎండ ముదరకముందే చేసుకోవాలి. పేస్ట్ అంటే చిప్ వేడిని పైనున్న లోహానికి చేర్చే థర్మల్ పేస్ట్.

నేను చేయలేదు. ఒక మే నెల మధ్యాహ్నం, విజయవాడలో, ఎండకు కాలిన స్లాబు కింద గదిలో కూర్చుని విప్పాను. దుమ్ము పడుతుందని సీలింగ్ ఫ్యాన్ ఆపేశాను. పది నిమిషాలకే నుదుటి చెమట మదర్‌బోర్డు మీద రాలబోయింది. ఆ కంగారులో కూలింగ్ ఫ్యాన్ వైరు పట్టి లాగితే, వైరుతో పాటు సాకెట్ కూడా బోర్డు మీంచి ఊడి వచ్చింది. దాన్ని సోల్డరింగ్ చేయించి తెచ్చుకునేసరికి సెలవులు అయిపోయాయి. అందుకే చెప్తున్నా, తెల్లవారుజామున విప్పండి. కనెక్టర్లను వైరు పట్టి కాకుండా, రెండు అంచులూ గోటితో కొద్దికొద్దిగా నెట్టి తీయండి.

విప్పే ముందు ఒక కాగితం తీసుకోండి. చిప్‌ల వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అరగంట గేమ్ ఆడి గది వేడి, ప్రాసెసర్ వేడి, గ్రాఫిక్స్ చిప్ వేడి రాసుకోండి. ప్రాసెసర్‌లోని కోర్లన్నీ ఒకలా ఉండి ఒక్కటి మాత్రం 15, 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే పేస్ట్ ఒక పక్కకి జారిందేమోనని అనుమానించాలి. ఏ పనీ లేనప్పుడు కూడా ఫ్యాన్ హోరుమంటుంటే ముందు దుమ్ము చూడండి.

ఆ తర్వాత, స్క్రూ ముట్టకుండానే, పుట్టే వేడిని తగ్గించండి. ఏ ఫ్యానూ గదిలోని గాలి కంటే చల్లగా చిప్‌ను ఉంచలేదు కాబట్టి మన ఎండల్లో అసలు ఉపాయం ఇదే. 144 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 144 ఫ్రేములు) వస్తున్న గేమ్‌ను 60కి కట్టేయండి. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతం చేస్తే అవసరమైనప్పుడు ప్రాసెసర్ వేగం పెంచుకునే టర్బో బూస్ట్ ఆగిపోతుంది. చాలా గేమ్‌లలో తేడా కంటికి ఆనదు, వేడి మాత్రం బాగా దిగుతుంది. అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కి ఇచ్చే వోల్టేజ్ కాస్త తగ్గించడం, కూడా మంచిదే. కాకపోతే 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో దానికి తాళం పడింది.

ఇక మూత. కింది ప్లేటు ఒక పక్క లేచినా, టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు ఉన్నా బ్యాటరీ పొంగిందని అర్థం. వెంటనే ఛార్జింగ్ ఆపి, బ్యాటరీని గుచ్చకుండా, నొక్కకుండా షాపుకి తీసుకెళ్లండి. అలాంటిదేమీ లేకపోతే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసి, ఆ తర్వాతే మిగతావాటి మీద చెయ్యి వేయండి. ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము కంబళి ముక్కలా పేరుకుంటుంది. ఇంట్లో అగరుబత్తి పొగ ఉంటే జిగురుగా కూడా ఉంటుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే అది కదలదు. ఫ్యాన్ విప్పి బ్రష్‌తో తీయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు పుల్లతో ఫ్యాన్ తిరగకుండా ఆపండి, లేదంటే బేరింగ్ పాడవుతుంది.

చిప్ వేడిని లాగేసే లోహపు భాగం హీట్‌సింక్. దాని స్క్రూల పక్కన సాధారణంగా 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. విప్పేటప్పుడు చివరి అంకె నుంచి, బిగించేటప్పుడు మొదటి అంకె నుంచి, ఒక్కోటి కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి. పాత పేస్ట్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు. పల్చటి పేస్ట్‌లు వేడెక్కి చల్లారడంలో నెమ్మదిగా చిప్ అంచులకు జరిగిపోతాయి. ల్యాప్‌టాప్‌కి నా ఓటు, పేస్ట్‌కి బదులు వేసే హనీవెల్ పీటీఎం 7950 షీటుకి. అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ మీద సర్దుకుంటుంది. మన మే నెలలో మాత్రం చేతిలో ఉండగానే మెత్తబడి ప్లాస్టిక్ పొరతో పాటు చిరిగిపోతుంది. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పొర చక్కగా ఊడుతుంది. మెమొరీ చిప్‌ల మీది థర్మల్ ప్యాడ్‌లు (వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మెత్తటి పట్టీలు) మారుస్తుంటే మందం కొలవండి. మిల్లీమీటరు ఉండాల్సిన చోట ఒకటిన్నర పెడితే హీట్‌సింక్ పైకి లేచి ప్రాసెసర్‌కి తగలదు.

పేస్ట్‌కి బదులు వాడే ద్రవ లోహం, లిక్విడ్ మెటల్ వద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క బొట్టు పక్కకి జారితే షార్ట్. ఫ్యాక్టరీలోనే అది వేసిన మోడల్ అయితే హీట్‌సింక్ ఎత్తకపోవడమే మేలు.

కింది ప్లేటుకి డ్రిల్ వేసి రంధ్రాలు పెట్టేవాళ్లున్నారు. గాలి ఏ దారిన వెళ్లాలో ముందే లెక్కగట్టి ఆ ప్లేటు చేస్తారు. కొత్త రంధ్రాల వల్ల గాలి దగ్గరి దారి పట్టి, పవర్ సర్క్యూట్ మీదుగా పోవడం మానేయొచ్చు. పైగా వారంటీ వివాదం. దానికంటే ముందుగా, ల్యాప్‌టాప్ వెనక అంచు కింద రెండు సీసా మూతలు పెట్టి చూడండి, ఖర్చు లేదు.

ల్యాప్‌టాప్ కింద ఐస్ ప్యాక్ పెట్టడం అన్నిటికంటే తెలివితక్కువ పని. కాకినాడ, విజయవాడ ఉక్కలో చల్లటి లోహం మీద చెమ్మ పడుతుంది, చల్లటి నీళ్ల చెంబు మీద పట్టినట్టే. నీళ్ల కూలర్ ఎదురుగా కూడా పెట్టకండి. ఛార్జర్ అడాప్టర్ డబ్బాను పరుపు మీద కాకుండా గచ్చు మీద ఉంచండి.

బిగించాక, కింది ప్లేటు మూసే ముందు బ్యాటరీ తగిలించి ఒకసారి ఆన్ చేసి, రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయో లేదో చూడండి. తర్వాత అదే గేమ్, అదే అరగంట. కాగితం మీది పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. పీటీఎం షీటు వేసినవాళ్లు రెండు మూడు రోజులు ఆడాక రాసుకోండి, అది సర్దుకోవడానికి అంత పడుతుంది. అప్పటికీ పాతదాని కంటే ఎక్కువ చూపిస్తే హీట్‌సింక్ సరిగా కూర్చోలేదు, మళ్లీ విప్పాల్సిందే.