డ్రాగ్ ట్రాక్‌ను చివరి నుంచి నడుచుకుంటూ రండి

హన్మకొండలో నాకు బైక్ మెకానిక్ షెడ్డు ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. షెడ్డుకు వచ్చే పిల్లల్లో డ్రాగ్ రేసు పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది. "అన్నా, ఆదివారం 402 పెడుతున్నం, నువ్వు తప్పకుండ రావాలె" అని పిలుస్తుంటారు. డ్రాగ్ రేసు అంటే రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, తిన్నటి దారిలో గీత దాకా ఎవరు ముందు పోతారో చూసే పోటీ. 402 అంటే 402 మీటర్లు, పావు మైలు. పిలిస్తే పోతాను. కాకపోతే ముందు రోజు పొద్దున్నే ట్రాక్ నాకు చూపించాలి, నేను వద్దన్నది ఆపాలి. ఆ మాట తీసుకున్నాకే పోతాను.

ఆరేళ్ల కింద కరీంనగర్ వైపు ఒక ప్రైవేటు వెంచర్‌లో పోటీ పెట్టారు. అక్కడ నా కళ్ల ముందే ఒక పిల్లాడి తొడ ఎముక విరిగింది. బండి బాగుంది, చెక్ చేసింది నేనే. పిల్లాడు బాగా తోలాడు, గెలిచాడు కూడా. గీత దాటాక బ్రేకు పట్టాడు. బండి ఆగేలోపే రోడ్డు అయిపోయింది. రోడ్డు చివర పక్క పొలం రైతు పాతుకున్న రాతి కడీల కంచె ఉంది. స్టార్టింగ్ దగ్గర డీజే, ఫ్లెక్సీలు, బెలూన్లు అన్నీ పెట్టినవాళ్లు ఆ కంచెకు ఒక్క పాత టైరు కూడా కట్టలేదు. అంబులెన్సు ఉంది, కానీ దానికి అడ్డంగా చూడవచ్చినవాళ్ల కార్లు ఆపి ఉన్నాయి. అది మా దగ్గరికి రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ హెల్మెట్ తీయకుండా, మెడ కదలకుండా, పిల్లాడి తలను రెండు చేతులతో పట్టుకుని తారు మీద కూర్చున్నాను.

అప్పటి నుంచి నేను ట్రాక్‌ను స్టార్టింగ్ నుంచి చూడటం మానేశాను. బండ్లు ఆగాల్సిన చోటికి ముందు పోతాను. అక్కడి నుంచి స్టార్టింగ్ వైపు నడుచుకుంటూ వస్తాను. చేతిలో సుద్దముక్క, కొలత టేపు, ఒక గోనెసంచి ఉంటాయి. కింద రాసిందంతా ఆ నడక వరసలోనే ఉంటుంది.

నడవడానికి ముందు ఒక సంగతి తేల్చుకోండి. పబ్లిక్ రోడ్డు మీద రేసును సేఫ్‌గా పెట్టే దారి లేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితేనే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రాత్రి రెండింటికి బైపాస్ ఖాళీగా ఉంటుందంటారు. వెనక లైటు లేకుండా ఆగిన గ్రానైట్ లారీని ఆ వేళప్పుడు దగ్గరికి వచ్చేదాకా ఎవరూ చూడలేరు. వరంగల్ దగ్గరి మామునూరు రన్‌వే సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. నిజాం కాలం నాటి ఆ రన్‌వే 1981 దాకా నడిచింది, ఇప్పుడు దాన్ని మళ్లీ విమానాశ్రయం చేస్తున్నారు. దాని మీద ఆశ పెట్టుకోకండి. యజమాని రాసిచ్చిన స్థలం, చుట్టూ కంచె, పోలీసుల అనుమతి, ఇన్సూరెన్సు ఉండాలి. మన దేశంలో మోటారు క్రీడలను చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ నియమాలు పాటించాలి. ఇవన్నీ ఉంటేనే మిగతాది మీకు పనికొస్తుంది.

ఇక నడక. తారు ముగిసే చోట నిలబడండి. ఫినిష్ గీత ఇక్కడికి ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి కొలవండి, అడుగులతో అంచనా వేయకండి. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఎండిన మంచి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే ప్రతి సెకనుకూ గంటకు 18 కిలోమీటర్ల చొప్పున వేగం తగ్గుతుందని నేను లెక్క వేస్తాను. ఆ లెక్కన గంటకు 120 కిలోమీటర్ల మీద ఉన్న బండికి 111 మీటర్లు, 160 మీద ఉన్నదానికి 198, 200 మీద ఉన్నదానికి 309 మీటర్లు కావాలి. గీత దాటిన సంగతి తెలిసి బ్రేకు అందుకోవడానికి ఒక సెకను పోతుంది. 160 మీద ఆ ఒక్క సెకనులోనే బండి 44 మీటర్లు పోతుంది. రెండూ కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. ఆ రెట్టింపు బ్రేకు సరిగా పట్టని బండి కోసం, టెన్షన్‌లో థ్రాటిల్ వదలడం మరిచిన పిల్లాడి కోసం.

390 సీసీ బండి 402 దాటేసరికి 150 దరిదాపుల్లో ఉంటుంది. అంటే గీత తర్వాత 430 మీటర్లు ఖాళీ తారు ఉండాలి, ఆ పైన ఇసుక. మీ రోడ్డు మొత్తం 700 మీటర్లే అయితే 402 పెట్టకండి, 201 పెట్టండి. పిల్లలు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీయండి. 2008 జూన్‌లో అమెరికాలోని ఇంగ్లిష్‌టౌన్ ట్రాక్‌లో స్కాట్ కలిటా అనే రేసరు కారు ఇంజను పేలి, కారును ఆపే పారాషూట్లు పనిచేయక, కారు ఆగక ఆయన చనిపోయాడు. ఆ తర్వాత అక్కడి సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అన్నిటికంటే వేగంగా పోయే టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ తరగతులకు పావు మైలు తీసేసి 1,000 అడుగులు, అంటే 305 మీటర్లు చేసింది. అంతటివాళ్లే దూరం తగ్గించుకున్నారు.

తారు అయిపోయాక ఇసుక పోయాలి. గోదావరి, మానేరు దొడ్డు ఇసుక అయితే మంచిది. సన్న ఇసుక వాన పడితే గట్టిపడి రోడ్డులా మారుతుంది. మొదట్లోనే లోతుగా పోయకండి, ముందు చక్రం దిగబడి రైడర్ హ్యాండిల్ మీదుగా ఎగిరిపోతాడు. వేలెడు మందంతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ మోకాటి దాకా తీసుకుపోండి. రేసుకు ముందు పారతో తిరగేసి వదులు చేయండి. ఇసుక వెనక టైర్ల గోడ కట్టాలి. లారీ టైర్లను విడివిడిగా పేర్చితే బండి తగలగానే తలో దిక్కుకు ఎగురుతాయి. బోల్టులతో ఒకదానికొకటి బిగించి, ముందు పాత కన్వేయర్ బెల్టు కట్టండి, చక్రం టైర్ల సందులో ఇరుక్కోదు. గోదావరిఖని వైపు పాత సామాన్ల దుకాణాల్లో అడిగి చూడండి. కడీలు, కరెంటు స్తంభం, బావి గడ్డ, చెట్టు ఏదైనా ఆ దారిలో ఉంటే రేసు దిశనే మార్చాలి. స్తంభానికి పరుపు కట్టి సరిపెట్టుకోవద్దు.

ఈ చివరే ఇద్దరు మార్షల్స్, అంటే ట్రాక్ మీద కన్నేసి ఉంచే మనుషులు, నిలబడాలి, ఎదురుగా కాకుండా పక్కన, అడ్డుగోడ వెనక. వాళ్ల దగ్గర మంటలార్పే 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్లు రెండు ఉండాలి. ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో ఆ రోజు పొద్దున చూడండి. మార్షల్స్ నూలు బట్టలు, బూట్లు వేసుకోవాలి. పాలిస్టర్ టీషర్టు మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. కారులో మెథనాల్ ఇంధనం వాడుతున్నామని ఎవరైనా చెబితే ముందే రాసుకోండి. దాని మంట పగటిపూట కంటికి సరిగా కనబడదు. ఎలక్ట్రిక్ బండి ఉంటే పౌడర్ ఒక్కటే చాలదు, లిథియం బ్యాటరీని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి, ట్యాంకర్ పిలిపించండి. బండ్లు స్టార్టింగ్‌కు తిరిగి రావడానికి వేరే దారి ఉండాలి. వేరే దారి లేకపోతే నాలుగైదు జతలు పోయాక రేసు ఆపి, అందరినీ కలిపి వెనక్కి తీసుకురండి. రేసు నడుస్తుండగా ఒక్క బండి కూడా ట్రాక్ మీద ఎదురు రాకూడదు.

అక్కడి నుంచి ఫినిష్ గీత మీదుగా వెనక్కి నడవండి. మన దగ్గర నవంబరు, డిసెంబరులో, మళ్లీ యాసంగి కోతలప్పుడు ఖాళీ తారు ఎక్కడ కనబడితే అక్కడ వడ్లు, మక్కలు ఆరబోస్తారు. రైతు ఎత్తుకుపోయాక కూడా గింజలు మిగులుతాయి. 100 మీద బ్రేకు పట్టిన చక్రం కింద నాలుగు వడ్లగింజలు గోలీల్లా దొర్లుతాయి. రైతుతో గొడవపడకండి. వారం ముందే పోయి మాట్లాడి, వేరే చోట టార్పాలిన్ పరిపించండి. తర్వాత ఇద్దరు మనుషులతో పొడుగు చీపుర్లు పట్టించి, పక్కపక్కన నడిపించి ఊడిపించండి. నా గోనెసంచి దీనికే. ఒకసారి అందులో గింజలు, బోల్టులు, ఒక గుర్రపు నాడా, సగం ఇటుక పడ్డాయి. మేకలు, బర్రెలు, కుక్కలు వచ్చే సందులన్నీ వలతో మూసేయండి.

చలికాలం పొద్దున మంచు కురిసి తారు తడిగా ఉంటుంది, కంటికి తెలియదు. అరచేయి ఆనించి చూడండి. చల్లగా జిగటగా తగిలితే ఇంకో గంట ఆగండి. మే నెలలో మన ఎండకు తారు మెత్తబడుతుంది, రైడర్లకు కళ్లు తిరుగుతాయి. ఎండాకాలం పోటీ పెట్టకపోవడమే మేలు.

ఆయిల్ కారితే కంగారుగా మట్టి చల్లకండి. రంపపు పొట్టు పోసి, పీల్చుకునేదాకా ఆగి, ఊడ్చి, మళ్లీ పోయండి. తర్వాత సబ్బునీళ్లతో రుద్ది, కడిగి, ఆరబెట్టాలి. ఇదంతా అయ్యేసరికి అరగంట దాటుతుంది. మైకులో ఎంత తొందరపెట్టినా ఆ అరగంట తగ్గించకండి.

జనం సంగతికి వద్దాం. మన వాళ్లు సెల్‌ఫోన్ పట్టుకుని గీత మీదకే వస్తారు. తాడు కడితే జనం ఆగుతారు, బండి ఆగదు. 2021 అక్టోబరులో అమెరికాలోని కెర్‌విల్ అనే ఊళ్లో విమానాల రన్‌వే మీద డ్రాగ్ రేసు పెట్టారు. ఒక కారు అదుపు తప్పి పక్కనున్న జనం మీదికి పోయింది. ఆరేళ్ల పిల్లాడు, ఎనిమిదేళ్ల పిల్లాడు చనిపోయారు. మనం వాడుకునేవి కూడా అలాంటి ఖాళీ రోడ్లే, అందుకే ఈ సంగతి ప్రతి మీటింగులో చెబుతాను. కాంక్రీటు దిమ్మెలు సందు లేకుండా వరసగా పెట్టగలిగిన చోటే, వాటి వెనక దూరంగా జనాన్ని నిలబెట్టండి. దిమ్మెలకు డబ్బు లేకపోతే ట్రాక్ పక్కన ఒక్కరూ ఉండకూడదు. స్టార్టింగ్‌కు బాగా వెనక ఒక ట్రాక్టర్ ట్రాలీయో, మెట్ల గ్యాలరీయో వేసి అక్కడి నుంచి చూపించండి. ఫినిష్ అవతల మార్షల్స్ తప్ప ఎవరూ వద్దు, ఎమ్మెల్యే గారి మనుషులైనా సరే.

స్టార్టింగ్ వెనక బండి చెకింగ్ నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. థ్రాటిల్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి మళ్లీ చూడండి, కొన్ని బండ్లలో కేబుల్ అప్పుడే పట్టేస్తుంది. చెయిన్ లాకు, చెయిన్ కవరు, బ్రేకు ప్యాడ్ల మందం చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గట్టిపడి పగుళ్లిచ్చిన టైరు ఉంటే బండిని వెనక్కి పంపండి, బతిమాలినా వినకండి. రైడర్ పడిపోతే ఇంజను ఆగేలా మణికట్టుకు తాడు కట్టే కిల్ స్విచ్ ప్రతి బండికీ పెట్టించండి, పెద్ద ఖర్చేమీ కాదు. హెల్మెట్ మీద ఐఎస్ 4151 గుర్తు ఉండాలి, మొహం మొత్తం మూయాలి, పట్టీ బిగించాక వెనక నుంచి ఎత్తితే ఊడకూడదు. ఒకసారి కిందపడ్డ హెల్మెట్‌ను పక్కన పెట్టించండి. దస్తీ, చున్నీ, వేలాడే తాడు ఒంటి మీద ఉండకూడదు. కారులో అయితే కాళ్ల కింద మ్యాట్లు తీయించండి, బ్యాటరీ క్లాంపు గుంజి చూడండి.

స్టార్టింగ్ గీత దగ్గర ఒక్కడి మాటే నడవాలి. చివరన ఉన్న మార్షల్ వాకీటాకీలో చెబితేనే బండ్లను వదిలే మనిషి లైటు వేయాలి. ఆ మాటను ముందే ఖాయం చేసుకోండి. "పంపు", "పంపకు" అనే మాటలు వాడకండి. సైలెన్సర్ మోతలో చివరి అక్షరం వినబడదు, పంపకు అన్నది పంపు అయిపోతుంది. మేం "ఖాళీ", "ఆపు" అని రెండే మాటలు పెట్టుకున్నాం. ఏమీ వినబడకపోతే దాన్ని కూడా ఆపు అనే తీసుకుంటాం.

అన్నీ అయ్యాక అంబులెన్సు. దాని ముందూ వెనకా సుద్దతో గీతలు గీసి, అక్కడ సైకిల్ కూడా ఆపనీయకండి. డ్రైవరు సీట్లోనే ఉండాలి. మెడపట్టీ, స్పైన్ బోర్డు, ఆక్సిజన్ ఉన్నాయో లేదో తలుపు తెరిచి మీ కళ్లతో చూడండి. మీరు తీసుకుపోయేది వరంగల్ ఎంజీఎంకా ఇంకో ఆసుపత్రికా ముందే తేల్చి, ఆ రోజు పోటీ ఉందని వాళ్లకు చెప్పి ఉంచండి. అంబులెన్సు గేటు దాటిందంటే, ఇంకోటి వచ్చి అదే గీతల మధ్య నిలబడేదాకా ఒక్క బండి కూడా కదలకూడదు. పొద్దున ట్రాక్ మీదికి దిగే మొదటి బండి అదే కావాలి. స్టార్టింగ్ నుంచి ఇసుక దాకా, అక్కడి నుంచి మెయిన్ గేటు దాకా నడిపించి, నిమిషాలు లెక్కపెట్టండి. దారిలో ఒక్క చోట ఆగాల్సి వచ్చినా, ఆ అడ్డు తీసేసి మళ్లీ మొదటి నుంచి నడిపించండి.