పండుగ కానుకలు అప్పు లేకుండా ఇవ్వడం ఎలా?

కానుకల ఖర్చు చేయి దాటిపోయేది చాలాసార్లు ఒక ఖరీదైన వస్తువు వల్ల కాదు, చివరి వారంలో ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చే పేర్ల వల్ల. అందుకే ఈ పని పండుగకు మూడు నాలుగు నెలల ముందే, ఇంట్లో కాగితం, కలం పట్టుకుని మొదలుపెట్టాలి.

ముందుగా నిరుడు ఎవరికి ఏమిచ్చారో, ఎంతయిందో బ్యాంకు లావాదేవీలు, ఆన్‌లైన్ ఆర్డర్లు తిరగేసి రాసుకోండి. ఈ విషయంలో జ్ఞాపకాన్ని నమ్మకూడదు. చుట్టే రంగు కాగితం, పార్శిల్ ఛార్జీలు, ఎందుకైనా మంచిదని కొని ఉంచిన రెండు మూడు వస్తువులు మనకు ఎప్పుడూ గుర్తుండవు. ఆ లెక్క చూశాక, ఇంటి ఖర్చులూ పొదుపూ పోగా ఈసారి ఎంత పెట్టగలరో ఒక్క అంకె వేసుకోండి. పేర్లు రాసి ధరలు కూడుకుంటూ పోతే మొత్తం పెరుగుతూనే ఉంటుంది కనుక, మొత్తం ముందు తేల్చుకుని ఆ తర్వాతే పేర్లకు పంచాలి. అందులో పదో వంతు మరచిపోయిన పేర్ల కోసం పక్కన ఉంచి, మొత్తాన్ని మిగిలిన నెలలతో భాగించి, నెలనెలా వేరే ఖాతాలో వేయండి.

అసలైన ఆదా మాత్రం కానుకల సంఖ్య తగ్గించడంలో ఉంది. ఎనిమిది మంది పెద్దవాళ్లున్న కుటుంబంలో ప్రతి ఒక్కరూ మిగతా అందరికీ ఇస్తే 56 కానుకలవుతాయి. చీట్లు వేసి ఒక్కొక్కరు ఒక్కరికే ఇస్తే ఎనిమిదితో సరిపోతుంది. ఈ మాట ఎత్తడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. "వదినా, ఈసారి పెద్దవాళ్లం చీట్లు వేసుకుందామా? పిల్లలకు మాత్రం ఎప్పటిలాగే ఇద్దాం" అని, అందరూ కొనడం మొదలుపెట్టకముందే అడిగి చూడండి. అవతలివారు కూడా ఎవరో ఒకరు ముందు అంటే బాగుండునని ఎదురుచూస్తూ ఉండవచ్చు.

ఏం కొనాలన్నది తేలకపోతే వారినే అడగడం మేలు. ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో ప్రచురించిన పరిశోధనలో, కానుక అందుకున్నవారు దానికి కట్టిన విలువ, దాని ధర కంటే పది శాతం నుంచి మూడో వంతు వరకు తక్కువగా ఉన్నట్టు అంచనా వేశారు. ఖరీదు ఎక్కువైతే ఆనందం కూడా ఎక్కువవుతుందని ఇచ్చేవారు అనుకుంటారే గానీ, పుచ్చుకునేవారి మెప్పు ధరను బట్టి పెరగదని పరిశోధకులు ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ 2009లో చూపించారు. అడిగి ఇస్తే ఆశ్చర్యం పోతుందనేవారున్నారు; వాడకుండా అలమారాలో పడి ఉండే ఆశ్చర్యం కంటే అదే నయమని నా అభిప్రాయం.

చెల్లింపు దగ్గర కాస్త జాగ్రత్త అవసరం. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి మిగిలింది వాయిదా వేస్తే, నెలకు 3 శాతం వడ్డీ చిన్నదిగానే కనిపిస్తుంది గానీ, చక్రవడ్డీ లెక్కన ఏడాదికి దాదాపు 42.6 శాతమవుతుంది. వడ్డీ లేని వాయిదాలన్నప్పుడు ప్రాసెసింగ్ ఛార్జీ ఎంతో, గడువు తప్పితే జరిమానా ఎంతో ముందే చూసుకోండి.

కొన్న వెంటనే జాబితాలో ఆ పేరు కొట్టేసి, పక్కన అసలు ధర వేసి, రసీదు దాచండి. అనుకోకుండా ఎవరైనా కానుక తెస్తే మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెప్పండి. బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలని అప్పటికప్పుడు దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు. చివరి పేరు కూడా కొట్టేశాక, షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలను పండుగ అయ్యేవరకు తీసేయండి.