ఈనే ముందు ఈ మాటలు తెలిసుండాలి

ఆవో గేదో నెలలు నిండిందంటే డాక్టర్ నంబర్ దగ్గర పెట్టుకుంటే సరిపోదు. ఫోన్‌లో ఏం చెప్పాలో కూడా తెలియాలి. "ఏదో అయింది సార్, లేవట్లేదు" అంటే ఆయన ఏ మందు తెచ్చుకోవాలి చెప్పండి?

ముందు తేదీ. చూడి కాలం ఆవుకు దాదాపు 280 రోజులు, గేదెకు 310 దాకా పడుతుంది కాబట్టి ఎదకొచ్చినప్పుడు చూడి కట్టే సూది వేయించిన రోజో, ఆంబోతుతోనో దున్నతోనో దాటించిన రోజో రాసిపెట్టుకోండి. ఈనడానికి 60 రోజుల ముందే పాలు తీయడం ఆపేయాలి.

నీటి బుడగ కనిపించి రెండు గంటలైనా దూడ రాకపోతే ఫోన్ చేయాల్సిందే. ముందుకాళ్లు రెండూ, వాటి మీద ముక్కు కనిపిస్తే మామూలు ఈత. ఒక్క కాలే వచ్చినా, తోక కనిపించినా మీరు లాగొద్దు.

దూడ పుట్టాక మాయ, అంటే గర్భంలో దూడను చుట్టి ఉండే పొర, 12 గంటల్లో పడకపోతే డాక్టర్‌కి చెప్పండి. వేలాడుతోందని దానికి రాయి కట్టడం, చేత్తో గుంజడం మాత్రం దయచేసి చేయకండి, లోపల తెగి గర్భసంచి చీము పడుతుంది. మాయ పడేదాకా దూడకు జున్నుపాలు ఆపేవాళ్లూ ఉన్నారు. అది చాలా తప్పు, మొదటి రెండు గంటల్లోపే తాగించాలి. రోగాన్ని తట్టుకునే శక్తి దూడకు అందేది ఆ పాలతోనే.

అందరూ మోసపోయేది పాలజ్వరం దగ్గర. పేరులో జ్వరం ఉందే గానీ ఒంట్లో ఉండదు. ఈనిన మూడు రోజుల్లోపు, ముఖ్యంగా పాలు బాగా ఇచ్చేవాటికి, రక్తంలో కాల్షియం పడిపోయి వస్తుంది. నేను మొదటిసారి చూసిన ఆవు తల డొక్క వైపు తిప్పేసుకుని మగతగా పడుకుంది, చెవి పట్టుకుంటే మంచులా తగిలింది. అలా ఉంటే ఫోన్‌లో ఆ మాటలే చెప్పండి: ఎప్పుడు ఈనింది, మెడ ఎటు తిరిగింది, చెవులు చల్లగా ఉన్నాయి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు. కాల్షియం సీసా ఇంట్లో ఉన్నా మీరే నరానికి ఎక్కించకండి, వేగం ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. నోట్లో కూడా ఏదీ పోయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు వాలి పడుకుంటే కడుపు ఉబ్బుతుంది, అందుకని డాక్టర్ వచ్చేదాకా రెండు పక్కలా గడ్డిమోపులు ఒత్తుగా పెట్టి రొమ్ము మీద కూర్చున్నట్టే ఉంచండి.