నెమ్మది భయం సినిమా తీయడం – నాలుగో పాఠం: కట్టేసిన కాలువలో నీళ్ల చప్పుడు

కిందటి పాఠంలో ఇల్లు కుదిరింది. కాలువ గట్టున మండువా లోగిలి, పెరటి తలుపు తీస్తే రేవు మెట్లు. పాత్రలు ఇద్దరే: అత్తగారు, పట్నం నుంచి వచ్చిన కోడలు. కథ కూడా ఒక్క ముక్కే. వేసవిలో కాలువ కట్టేశాక, అంటే నీళ్లు ఆపేశాక, రాత్రిపూట కోడలికి రేవు వైపు నుంచి నీళ్ల చప్పుడు వినబడుతుంది. పన్నెండు నిమిషాల సినిమాకి ఇంతకంటే కథ అక్కర్లేదు. ఈ పాఠమంతా ఆ చప్పుడు గురించే.

దెయ్యం సినిమా అనగానే తెల్లచీర, విరబోసిన జుట్టు, ఢామ్మని మ్యూజిక్. ఆ అదురు రెండు సెకన్లలో దిగిపోతుంది. మనం తీసేది చూసినవాడు ఇంటికెళ్లి లైటు ఆర్పాక మొదలవ్వాలి. అందుకు నేను నమ్మే పద్ధతి ఒకటే: మామూలు ఎలా ఉంటుందో ముందు ప్రేక్షకుడికి బాగా అలవాటు చేయాలి, తర్వాత అందులో ఒక్కదాన్నే మార్చాలి. రెండు మారిస్తే భయం పలచబడిపోతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ గోదావరి డెల్టా బతుకు కాలువ వెంట నడుస్తోంది. వదిలితే నాట్లు, కట్టేస్తే మరమ్మతులు, పూడికతీత. కోనసీమలోని అంబాజీపేటలో చూసేవాళ్లకి ‘కాలువ కట్టేశారు’ అన్న ఒక్క మాట చాలు. హైదరాబాదులో చూసేవాళ్లకి కళ్లారా చూపించాలి. కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, బంతి దొర్లుకుంటూ వచ్చి రేవు ఆఖరి మెట్టుకి తగిలి ఆగుతుంది. మిగిలిన కాస్త బురదలో ఒక కుర్రాడు మోచేతుల దాకా చేతులు పెట్టి మట్టగిడస కోసం వెతుకుతుంటాడు. ఆ ఆఖరి మెట్టుని, దాని కింద పగుళ్లు తేలిన మట్టిని ఒకే కోణంలో రెండుసార్లు చూపించండి. చివర్లో అదే కోణంలో మెట్టు తడిగా కనబడితే చాలు. దెయ్యాన్ని చూపించాలని చెయ్యి లాగుతుంది, వద్దు.

ఇప్పుడు రాత్రి. ఊరి చివర రొయ్యల చెరువుల్లో నీళ్లు చిమ్మి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. అదీ నీళ్ల చప్పుడే కదా అంటారేమో. మనకి కావలసిందే అది. నాలుగో నిమిషం నుంచి ఏరియేటర్ల మోత కింద రేవు నీళ్ల శబ్దాన్ని వినీ వినబడనంతగా పెట్టండి. ప్రేక్షకుడు రెంటినీ ఒకటే అనుకుంటాడు. ఎనిమిదో నిమిషంలో కరెంటు పోతుంది. ఫ్యాను ఆగుతుంది, ఏరియేటర్లు ఆగుతాయి. నీళ్ల చప్పుడు ఆగదు.

‘అత్తయ్యా, కాలువ వదిలేశారా?’

‘ఇప్పుడెక్కడమ్మా, జూన్‌లో కదా. పడుకో.’

అత్తగారి గొంతులో భయం వద్దు, నిద్రమత్తు చాలు. ఆ తర్వాత మూసిన పెరటి తలుపు మీద నలభై సెకన్లు కెమెరా కదలకూడదు. ఎడిటింగ్‌లో కోసేయాలనిపిస్తుంది, కోయకండి. అంతలో దూరంగా జనరేటర్ మొదలవుతుంది. ఆక్సిజన్ తగ్గితే రొయ్య చచ్చిపోతుంది, రైతు ఎక్కువసేపు ఊరుకోడు. మోత మళ్లీ అందుకుంటుంది, నీళ్ల చప్పుడు అందులో కలిసిపోతుంది. అది ఇంకా ఉందో లేదో ఇక తెలియదు.

శబ్దాలన్నీ విడివిడిగా పట్టుకోవాలి. కాలువలు సాధారణంగా ఏప్రిల్‌లో కట్టేస్తారు కాబట్టి నీళ్ల శబ్దం మార్చిలోపే రికార్డు చేసి పెట్టుకోండి. నీళ్లు ఆపి వదిలే లాకుల దగ్గరికి వెళ్లొద్దు, అక్కడ నీళ్లు హోరెత్తుతాయి. తెల్లవారుజామున, మోటారుసైకిళ్లు మొదలవకముందు, మెట్లకి నీళ్లు మెల్లగా తగిలే రేవు చాలు. ఫోన్ మైకు అయినా పర్వాలేదు, గాలి కొట్టకుండా స్పాంజి తొడగండి. ఫ్యాను శబ్దం వేరుగా తీసుకోండి, షూటింగ్‌లో ఫ్యాను ఆపేయండి. ఏరియేటర్లని దూరం నుంచే రికార్డు చేయాలి. రాత్రిపూట చెరువు గట్టెక్కే ముందు రైతుని అడగండి, దొంగలనుకుంటారు.

కెమెరా సంగతి క్లుప్తంగా. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అందుకని సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి, లేకపోతే ట్యూబులైటు మినుకుమినుకుమంటుంది. పొద్దు గూకాక వాడుకోదగ్గ వెలుగు ఇరవై నిమిషాలకి మించి ఉండదు. ఆ సాయంత్రానికి ఒక్క షాటే పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: రాత్రి పదింటికి మీ ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ ఆపి, కదలకుండా మూడు నిమిషాలు రికార్డు చేయండి. ఇయర్‌ఫోన్స్‌తో విని, వినబడిన ప్రతి శబ్దాన్నీ కాగితం మీద రాయండి. వాటిలో ఏది ఆగిపోతే మీకు ముందు తెలుస్తుందో దాని కింద గీత గీయండి. అయిదో పాఠంలో ఎడిటింగ్ ఆ శబ్దంతోనే మొదలుపెడతాం.